షుగర్ పరిశోధనకు డబ్బు ఇవ్వాలా, మనిషే వెళ్లాలా?

కిరణ్_05: మా అమ్మకు టైప్ 2 షుగర్. ఈసారి నా పుట్టినరోజు ఖర్చు మానేసి ఆ డబ్బు డయాబెటిస్ పరిశోధనకు ఇద్దామనుకుంటున్నా. లేక మనుషులపై చికిత్సలు పరీక్షించే ట్రయల్‌లో వాలంటీరుగా చేరడం మేలా?

సుధాకర్: డబ్బు ఎవరైనా ఇస్తారు, దొరకనిది మనుషులే. 1983లో మొదలైన డీసీసీటీ అనే పెద్ద షుగర్ ట్రయల్‌లో 1,441 మంది టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయే రకం) వాళ్లు ఏళ్ల తరబడి ఉన్నారు కాబట్టే, షుగర్ గట్టిగా అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని 1993లో తేలింది. చెక్కు రాసి చేతులు దులుపుకుంటే ఇలాంటివి తేలవు.

నీలవేణి: చేతులు దులుపుకోవడమేంటండీ? ఆ 1,441 మందికి రక్తపరీక్షలు, నర్సుల జీతాలు గాల్లోంచి ఊడిపడ్డాయా? ఆరేళ్లుగా నెలనెలా ఇస్తున్నా నేను.

పాతకాపు: ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు దాని పేటెంటును టొరంటో యూనివర్సిటీకి ఒక్క డాలరుకే ఇచ్చేశారు. దానమంటే అదీ.

నీలవేణి: ఒక్క డాలరు కాదు, తలా ఒక డాలరు.

సుధాకర్: డాలర్ల గోల దేనికి? 1922 జనవరిలో ఆ సూది మొదట వేయించుకున్న లియొనార్డ్ థాంప్సన్ 14 ఏళ్ల పిల్లాడు. మొదటి డోసు సరిగా పనిచేయలేదు, మందును శుద్ధి చేసి 12 రోజుల తర్వాత మళ్లీ వేశారు. ఆ పిల్లాడు లేకపోతే ఏ డాలరు ఏం చేసేది?

నీలవేణి: ఆ పిల్లాడు చావుబతుకుల్లో ఉన్నాడు సార్, ఇంకో దారి లేదు. దాన్ని వాలంటీరింగ్ అంటారా? నేనూ ఒక ట్రయల్‌లో 14 నెలలు ఉన్నా. వెళ్లిన ప్రతిసారీ ఏడు ట్యూబుల రక్తం, ఎడమ చెయ్యి కమిలిపోయి పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేదాన్ని. మధ్యలో ఆపేశారు. నాకిచ్చింది అసలు మందో ఉత్తి గోలీయో ఈరోజుకీ తెలీదు, ఒక్క ఫోన్ రాలేదు. అందుకే డబ్బిస్తా, ఒళ్లివ్వను.

సీత_ఎన్: కిరణ్ గారూ, ఇచ్చే ముందు ఆ సంస్థ వార్షిక లెక్కలు చూడండి, పరిశోధనకెంత, ప్రచారానికెంత అని. ట్రయల్‌లో చేరితే ఎప్పుడైనా మానేసే హక్కు ఉంటుంది. ఫలితం మనకు చెబుతారా లేదా అనేది సంతకం పెట్టకముందే అడగాలి.

సుధాకర్: ఒకరికి అలా జరిగిందని అందర్నీ బెదరగొడతారా? టెప్లిజుమాబ్ అనే మందు ట్రయల్‌లో చేరింది 76 మంది, అందరూ టైప్ 1 వాళ్ల బంధువులే, అప్పటికింకా జబ్బు పడనివాళ్లు. ఆ మందు జబ్బును సుమారు రెండేళ్లు వెనక్కి నెట్టింది. 2022లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది.

నీలవేణి: మీరెప్పుడైనా చెయ్యి చాపారా, లేక ఇంట్లోవాళ్లను పంపి ఇక్కడ ఉపన్యాసాలా?

పాతకాపు: అయిపోయింది. ఇక మొదలు.

సుధాకర్: పంపాను. మా పాపకు టైప్ 1. బంధువులను పరీక్షిస్తున్నారంటే బాబును నేనే తీసుకెళ్లా. రక్తంలో రెండు యాంటీబాడీలు, అంటే టైప్ 1 రాబోతోందని చెప్పే గుర్తులు, ఉన్నాయన్నారు. షుగర్ ఇప్పుడు నార్మలే, ఎప్పటికైనా వస్తుందట. వద్దని మా ఆవిడ ముందే మొత్తుకుంది. తెలిసి ఏం చేస్తామంది. ఇప్పుడు వాడు నిద్రలో నీళ్లడిగినా ఇద్దరం లేచి కూర్చుంటున్నాం.

నీలవేణి: నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ సుధాకర్ గారూ, నాకూ మీ ఆవిడకూ ఉన్న గొడవ ఒకటే, డబ్బా మనిషా అని కాదు. నా ఒంటి సంగతి నాకు చెప్పలేదని నా ఏడుపు. వాడి ఒంటి సంగతి వాడికి చెప్పారా?

సుధాకర్: ఎనిమిదేళ్లండీ వాడికి. వచ్చే నెల ఆ తీపి నీళ్లు తాగించి రెండు గంటలు కూర్చోబెట్టే పరీక్ష. "జబ్బు అక్కకి కదా, సూది నాకెందుకు" అంటున్నాడు. అక్క కోసం అని చెప్పా.

నీలవేణి: అది అబద్ధం కదా.

సుధాకర్: సగం.

కిరణ్_05: అమ్మకు టైప్ 2 అని చెప్పా కదండీ... ఇంతకీ నన్నేం చేయమంటారు?