పాత బంగళాలో నీలం పూల కమోడ్ దొరికింది, పగలగొట్టాల్నా ఉంచుకోవాల్నా?

గుంతకల్లోడు:
అన్నలూ ఒక డౌటు. మా జేజినాయన రైల్వేలో ఉన్నప్పుడు కొన్న పాత బంగళా గుంతకల్లులో ఉండాది, ఇప్పుడు రిపేరీ చేయిస్తాండాం. ఇరవై ఏండ్లుగా తాళం తీయని వెనక బాత్రూం తెరిస్తే ఒకటే కంపు, లోపల పింగాణీ కమోడ్, దుమ్ము తుడిస్తే గిన్నె అడుగు నుంచి అంచు దాకా నీలం పూలు, తీగెలు! మేం అన్నం తినే ప్లేట్లకు కూడా ఇంత సోకు లేదప్పా. పైన గోడకు ఇనప తొట్టి, గొలుసు తెగిపోయింది. బేల్దారి సుత్తి ఎత్తినాడు, నేనే ఆపినా. ఇది నిజంగా ఇంగ్లీషోళ్ల కాలందేనా?

పాతసామాను_పిచ్చోడు:
ముట్టుకోనియ్యొద్దు బ్రో! అప్పట్లో కమోడ్‌ని చెక్కపెట్టెలో దాచేటోళ్లు. 1883లో ట్వైఫర్డ్ కంపెనీ యూనిటాస్ అని తెచ్చింది, మొత్తం ఒకటే పింగాణీ ముక్క, చుట్టూ చెక్క లేదు. ఇంక అందరికీ కనపడే సామాను అయిపోయిందిగా, సోకులు మొదలైనాయి. డాల్ఫిన్ ఆకారంలో కూడా చేసినారు, చేప నోరు తెరిచినట్ల ఉంటాది.
ఆ పూలు చేత్తో వేసినవి కావు. రాగి రేకు మీద చెక్కి, రంగు పూసి, పల్చని కాగితం మీద అచ్చు తీసి, ఒకసారి కాల్చిన పింగాణీకి అతికిస్తారు, కాగితం కడిగేసి పైన గ్లేజు (గాజులా మెరిసే పూత) పోసి మళ్లా కాలుస్తారు. కోబాల్టు నీలం ఆ వేడికి తట్టుకుంటాది, అందుకే ఎక్కువగా నీలమే. స్టోక్ ఆన్ ట్రెంట్‌లో టీ సాసర్లకూ ఇదే పద్ధతి, తాగేదానికీ పోయేదానికీ ఒకటే పనోళ్లు 😂
వెనకపక్క ముద్ర చూడు. ‘ఇంగ్లండ్’ అని ఉంటే ఎక్కువగా 1891 తర్వాతది, అమెరికాకు పోయే సరుకు మీద దేశం పేరుండాలని అప్పుడు రూలొచ్చింది. ఆర్‌డి (రిజిస్టరు చేసిన డిజైను) అని నంబరుంటే 1884కి ముందుది కాదు.

కడపక్క:
అందం సరే, ఇంగ్లీషోళ్లు పూల మీద కూర్చుంటాంటే మన ఊర్లలో దొడ్డి ఎత్తేదానికి మనుషులను పెట్టినారు, అది కూడా గుర్తుంచుకోండి. ఢిల్లీలో సులభ్ వాళ్ల టాయిలెట్ మ్యూజియం 1992 నుంచి ఉంది, ఈ పాత సోకులన్నీ ఒక పక్క, ఆ పని మాన్పించే దానికి సులభ్ పెట్టిన బిందేశ్వర్ పాఠక్ చేసిన రెండు గుంతల లెట్రిన్ ఇంకో పక్క. ఒకసారి పోయి చూసి రాండి.

పైపుల_మామ:
తమ్ముడూ నేను ఇదే పని చేస్తా. కంపు ఎందుకంటే కింద వంపులో నీళ్లు ఆరిపోయింటాయి, ఆ వంపే గాలిని ఆపేది. లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అని గడియారాలు చేసేటాయప్ప 1775లో ఆ వంపున్న కమోడ్‌కు పేటెంటు తీసుకున్నాడు. రెండు బకెట్ల నీళ్లు పొయ్యి, కంపు పోతాది. యాసిడ్ మాత్రం పోయొద్దు, గ్లేజులో సన్నపగుళ్లుంటే లోపలికి దిగతాది. మసిలే నీళ్లూ వద్దు, టప్పున పగులుతాది. ఇప్పటి పీవీసీ పైపుకు సైజు కుదిరేది కష్టమే, వాడకం ఆశ పెట్టుకోవద్దు.

గుంతకల్లోడు:
థాంక్స్ మామా, నీళ్లు పోసినాం, కంపు పోయింది. పాత టూత్‌బ్రష్‌తో వెనక రుద్దితే ‘ఇంగ్లండ్’ కనపడింది, నంబరు సగం సిమెంటులో ఉండాది. పగలగొట్టేది క్యాన్సిల్. అమ్మేమో ఎండలో పెట్టి మందారం నాటుతా అంటాంది, మా అవ్వ మాత్రం దాన్ని ముట్టుకున్నోళ్లు తలకు పోసుకోందే ఇంట్లోకి రావద్దంటాంది. నాకు ఈరోజు రెండుసార్లయింది.