హసన్ బహమన్ షా: గంగు దగ్గర పాలేరా, ఇరాన్ రాజుల వారసుడా?

పొలంగట్టు:
1347 ఆగస్టు 3న దౌలతాబాదులో గద్దెనెక్కి బహమనీ రాజ్యాన్ని స్థాపించిన హసన్ పుట్టుపూర్వోత్తరాల మీద రెండు కథలున్నాయి. ఒకటి చాలామందికి తెలిసిందే. ఢిల్లీలో గంగు అనే బ్రాహ్మణ జ్యోతిష్కుడి పొలం దున్నుతుంటే నాగలికి లంకెబిందె తగిలింది. హసన్ దాచుకోకుండా తెచ్చి ఇచ్చేశాడు. గంగు జాతకం చూసి, రాజువవుతావు, అప్పుడు నా పేరు కలుపుకో అన్నాడట. రెండో కథ ప్రకారం హసన్ ఇరాన్ పురాణ వీరుడు ఇస్ఫందియార్ కొడుకు బహమన్ సంతతి. నా ఓటు గంగుకే. రాజుగారు పాలేరని ఎవరైనా పనిగట్టుకుని కల్పిస్తారా?

రాగిబిళ్ల:
ఓటు సరేనండీ, సాక్ష్యమేది? గంగు కథ చెప్పిన చరిత్రకారుడు ఫెరిష్తా బీజాపూర్‌లో రాసుకున్నది 17వ శతాబ్దం మొదట్లో. హసన్ పోయింది 1358లో. అతని కాలంలోనే, 1350లో, కవి ఇసామీ రాసిన చరిత్ర కావ్యం ఫుతూహ్ ఉస్ సలాతీన్‌లో ఈ లంకెబిందె ఊసే లేదు. హసన్ వేయించిన వెండి నాణేలు, అంటే టంకాల మీద మాత్రం బహమన్ షా అని స్పష్టంగా ఉంది.

గోడమీదపిల్లి:
అదే టంకా మీద "రెండో సికందర్", అంటే రెండో అలెగ్జాండర్ అని కూడా ఉంది కదా! ఆ బిరుదు అలావుద్దీన్ ఖిల్జీ నాణేల నుంచి ఎత్తుకొచ్చింది. అలెగ్జాండర్‌నంటే నమ్మనివాళ్లం బహమన్ మనవడినంటే ఎందుకు నమ్మాలి? ఢిల్లీలో బానిసగా మొదలైన సుల్తాన్ బల్బన్ కూడా ఇరాన్ పురాణాల్లోని రాజు అఫ్రాసియాబ్ వంశమని చెప్పుకున్నాడు. హసన్ ఇబ్బంది ఇంకా పెద్దది. ఢిల్లీ సుల్తాన్ తుగ్లక్ మీద తిరగబడ్డ అమీర్లు (సర్దార్లు) ముందు ఇస్మాయిల్ ముఖ్‌ను సుల్తాన్ చేశారు, ఆయన తప్పుకుంటే ఇతను వచ్చాడు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్లు ఇవాళ వంగి సలాం కొట్టాలంటే వంశం కావాల్సిందే. ఆ ఇస్మాయిల్‌నే తర్వాత కుట్ర నేరం మోపి చంపించాడు.

కౌలాసకోట:
వంశం గొడవ మీరు చూసుకోండి. ఈ తిరుగుబాటుకి మన ఓరుగల్లు పాలకుడు కాపయ నాయకుడు సైన్యం పంపి సాయం చేశాడు. 1350కల్లా అదే హసన్ దండెత్తి కౌలాస కోట లాక్కున్నాడు. మన వైపు నుంచి చూస్తే అసలు కథ ఇదే.

పొలంగట్టు:
ఒప్పుకుంటా, కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఇరాన్ వంశం గొప్పకి పుట్టించారు, బాగుంది. మరి గంగుని ఎందుకు పుట్టించారు?

రాగిబిళ్ల:
ఫెరిష్తాలోనే ఉంది చూడండి. ముస్లిం సుల్తాన్ కొలువులో చేరిన తొలి బ్రాహ్మణుడు గంగు అనీ, దక్కన్‌లో శిస్తు లెక్కలు బ్రాహ్మణుల చేతిలో ఉండే ఆనవాయితీ అప్పటి నుంచే అనీ రాశాడు. తన చుట్టూ ఉన్న సర్కారీ కచేరీల్లో కనిపించేదానికి పాత కారణం వెతుక్కున్నాడని నా అనుమానం.

గోడమీదపిల్లి:
అంటే ఒక కథ సుల్తాన్‌కి పనికొచ్చింది, ఇంకోటి గుమాస్తాలకి.

పొలంగట్టు:
అనుమానమే కదండీ. నేనైతే గంగుని ఇంకా వదల్లేదు.