ఒంటిచేత్తో తెరిచే చాకు: స్టడ్డా, రంధ్రమా, ఫ్లిప్పరా?

నిచ్చెనమీద_నేను:
హైదరాబాద్‌లో సోలార్ ప్యానెళ్ళు బిగించే పని నాది. ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెన మీదో పైపు మీదో ఉంటుంది. కేబుల్ టైలు కోయడానికి గోటితో లాగే పాత మడత చాకు వాడుతున్నా, సగంసార్లు పళ్ళతో తెరవాల్సొస్తోంది. బ్లేడు పక్కన బొటనవేలితో తోసే చిన్న బొడిపె, అదే థంబ్ స్టడ్, ఉండేది, బ్లేడుకే గుండ్రటి రంధ్రం ఉండేది, వెనకాల మీటలా పొడుచుకొచ్చే ఫ్లిప్పర్. ఈ మూడింట్లో ఏది కొనను?

డల్లాస్_గోడౌన్:
ఫ్లిప్పర్, రెండో మాట లేదు. ఐదేళ్ళుగా గోడౌన్‌లో రోజంతా అట్టపెట్టెలు కోస్తున్నా బ్రో, గ్లవ్స్ తియ్యకుండానే చూపుడువేలితో ఒక్క నొక్కు, బ్లేడు బయటికి. తెరిచాక ఆ మీటే వేలికి అడ్డుగోడలా నిలబడుతుంది కాబట్టి చెయ్యి అంచు మీదికి జారదు. స్టడ్ అయితే మేకు తలంత ఉంటుంది, గ్లవ్స్‌కి దొరకనే దొరకదు.

కోనసీమ_తోట:
గ్లవ్స్ ఉన్నవాళ్ళ సంగతి సరే తమ్ముడూ. మా చేతులకి ఎప్పుడూ తడో మామిడి సొనో ఉంటుంది. రంధ్రమే నయం. బొటనవేలి కండ అందులో కూర్చుంటుంది, జారదు. స్పైడర్కో అనే చాకుల కంపెనీ వాళ్ళు 1981లో వర్కర్ అనే చాకుతో మొదలెట్టారు ఇది, జేబుకి తగిలించే క్లిప్పు కూడా దానికే ఉంది. రంధ్రంలో ఊడిపోయే ముక్కంటూ ఏముంటుంది? స్టడ్ అయితే లావు కొమ్మ కోసేటప్పుడు కోతలో అడ్డం పడుతుంది, సాన పట్టేటప్పుడు రాయికీ తగులుతుంది.

పాతచాకు:
ఓపినెల్ మడత చాకు 1890 నుంచి ఉంది. రెండు చేతులతోనే తెరుస్తున్నారు, ఎవరి పనీ ఆగలేదు.

నిచ్చెనమీద_నేను:
అన్నా, రెండో చెయ్యి నిచ్చెన మీద ఉందంటున్నా కదా.

డల్లాస్_గోడౌన్:
తడి చేత్తో ఫ్లిప్పర్ తెరుచుకోదని ఎవరన్నారు? వానలో ట్రక్కు దగ్గర నిలబడి తెరిచా, ఒక్కసారి కూడా తప్పలేదు.

కోనసీమ_తోట:
తెరుచుకోదని నేనన్లేదు. రంధ్రం నయం అన్నా.

డల్లాస్_గోడౌన్:
నయం అంటే ఫ్లిప్పర్‌కి తడితో ఇబ్బంది ఉందనే కదండీ అర్థం. ఏం ఇబ్బందో చెప్పండి. చూపుడువేలు కిందికి నొక్కుతుంది, బొటనవేలు పక్కకి తోస్తుంది, తడికి ఏది ఎక్కువ జారుతుంది?

కోనసీమ_తోట:
ఇబ్బంది కావాలా, చెప్తా. 2019లో ఒక ఫ్లిప్పర్ కొన్నా, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మూసినప్పుడు బ్లేడుని పట్టి ఉంచడానికి లోపల చిన్న బంతి ఉంటుంది, డిటెంట్ అంటారు, అది గట్టిగా ఉంటేనే మీట నొక్కినప్పుడు బ్లేడు విసురుగా వస్తుంది, వదులైతే ఊరికే ఊగుతుంది. నాది ఏడాదికే వదులైంది. జేబులోంచి తువ్వాలు లాగుతుంటే మీటకి తట్టుకుని సగం తెరుచుకుంది, అరచెయ్యి తెగి నాలుగు కుట్లు పడ్డాయి.

డల్లాస్_గోడౌన్:
అది నాసిరకం చాకు. ఒక్క చాకు పాడైతే పద్ధతిదా తప్పు?

మ్యూనిక్_నుంచి:
జర్మనీలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకుని సరైన కారణం లేకుండా బయట వెంట పెట్టుకుని తిరగడం ఇక్కడ 2008 నుంచీ నిషేధం. స్టడ్డా రంధ్రమా అని చూడరు. పని కోసమైతే వేరే సంగతి.

కోనసీమ_తోట:
టపటపా ఆడించుకోవడానికి చేసిన బొమ్మలండీ ఫ్లిప్పర్లు. వీడియోల్లో చూడ్డానికి బావుంటాయి.

డల్లాస్_గోడౌన్:
బొమ్మా? రోజుకి పది గంటలు కాళ్ళ మీద నిలబడి ఆ బొమ్మతోనే అన్నం తింటున్నా. మీరు తోటలో నెమ్మదిగా కోసుకుంటారు, మాకు పెట్టెకింత టైమని లెక్క ఉంటుంది. మీకు వేగం అక్కర్లేదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదంటే ఎలా?

కోనసీమ_తోట:
బొమ్మ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, తప్పే. కానీ వేగం అక్కర్లేదన్నావే, అదే నాకు తగిలింది. 2014లో గడ్డి కోసే మిషన్‌లో పడి నా ఎడమ చేతికి మూడు వేళ్ళు పోయాయి. నీకు ఒంటిచెయ్యంటే తొందర, నాకు ఉన్నదే ఒంటిచెయ్యి. ఇంతసేపూ తెరవడం గురించే కొట్టుకుంటున్నాం, మూయడం గురించి ఒక్కరూ అడగలేదు. లైనర్ లాక్ అయితే తెరిచిన బ్లేడుని ఆపి ఉంచే లోపలి రేకుని బొటనవేలితో పక్కకి నెట్టాలి, ఆ వేలు సరిగ్గా బ్లేడు వచ్చి పడే దారిలోనే ఉంటుంది. రెండో చేత్తో బ్లేడు పట్టుకునేవాళ్ళకి ఇది తెలీదు. ఇప్పుడు నేను వాడేది అడ్డకడ్డీ లాక్, బెంచ్‌మేడ్ వాళ్ళు యాక్సిస్ అంటారు. కడ్డీని వెనక్కి లాగి పట్టుకుంటే బ్లేడు దానంతటదే వాలుతుంది, వేలు దారిలో ఉండదు. రంధ్రంతో తెరిచి కడ్డీతో మూస్తా. కుడిచెయ్యైనా ఎడమచెయ్యైనా ఒకటే.

మ్యూనిక్_నుంచి:
అమెరికాలో స్విచ్‌బ్లేడ్లని, అంటే బటన్ నొక్కగానే వాటంతటవే తెరుచుకునే చాకుల్ని, కట్టడి చేసే 1958 చట్టంలో కూడా ఒకే చెయ్యి ఉన్నవాళ్ళకి 3 అంగుళాల లోపు బ్లేడుకి మినహాయింపు పెట్టారండీ.

నిచ్చెనమీద_నేను:
మూయడం గురించి నేనూ ఆలోచించలేదు బాబాయ్. పైన ఉన్నప్పుడు తెరిచిన చాకుని ఏం చెయ్యాలో తెలీక రెండుసార్లు కిందికి వదిలేశా. కింద హెల్పర్ ఉంటాడు.

డల్లాస్_గోడౌన్:
ఇవాళ షిఫ్ట్‌లో ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని చూశానండీ. పదిసార్లు తెరిచా, పదిసార్లూ వచ్చింది. మూయడం దగ్గర మూడోసారికే నాకు తెలీకుండా తొడకేసి నొక్కేశా. అలా నొక్కడం అలవాటని ఇప్పుడే తెలిసింది. తడి విషయంలో మాత్రం నా మాట నాదే.

కోనసీమ_తోట:
తొడకేసి నొక్కకు నాయనా. అక్కడ పెద్ద రక్తనాళం ఉంటుంది.