అమ్మ కీళ్ల నొప్పులు మాత్ర వల్లా, ఫ్లోరైడ్ వల్లా?

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు ఒక పల్లె. మా అమ్మకు 68 ఏళ్లు. నిరుడు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము, దాంతోపాటు చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు. కీమో, కరెంటు (రేడియేషన్) అయిపోయాయి. ఇప్పుడు క్యాన్సర్ మళ్లీ రాకుండా రోజుకొక లెట్రోజోల్ 2.5 ఎంజీ మాత్ర, 5 ఏళ్లు వేసుకోమన్నారు.

మాత్ర మొదలైన రెండు నెలలకు నొప్పులు పట్టుకున్నాయి. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, చాయ్ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతుంది. ఈ మాత్రతో కీళ్లు నొస్తాయని, ఎముకలు పలచబడతాయని చదివాను. కానీ మాది ఫ్లోరైడ్ ఊరు. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చేదాకా అమ్మ తాగింది బోరు నీళ్లే. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో గట్టిగా కనిపించినా లోపల పెళుసుగానే ఉంటుందట. మరి ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే ఆ రీడింగ్‌ను నమ్మొచ్చా? కాల్షియం, విటమిన్ డి సరిపోతాయా, ఎముకల బలానికి ఇంజెక్షన్ కావాలా? చెకప్‌లో అడిగితే "వయసు కదమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేశారు.

ఇంకోటి, ఎడమ చెయ్యి వాస్తోంది. గాజులు ఎక్కడం లేదు. ఆ చేతికి బీపీ పట్టీ, సూదులు వద్దన్నారు, అది పాటిస్తున్నాం. వాపుకు చేతికి బిగుతుగా తొడిగే ప్రెషర్ స్లీవ్ కొలత తీసి ఇచ్చేవాళ్లు, వ్యాయామం నేర్పే ఫిజియో నల్గొండలోగానీ మిర్యాలగూడలోగానీ ఉన్నారా? ప్రతిసారీ హైదరాబాద్ అంటే అమ్మ బస్సులో కూర్చోలేదు.

నిన్న దిండు కింద నాలుగు మాత్రలు దొరికాయి. నొప్పులకు భయపడి మానేస్తోంది. ఇదే నా పెద్ద టెన్షన్. మీ ఇళ్లలో ఎవరికైనా డాక్టర్ ఈ మాత్ర మార్చి వేరేది ఇచ్చారా? నొప్పులు తగ్గాయా?