‘ఫ్రీ’కి తెలుగులో ఒక్క మాట చాలదు

తిరుపతి బస్టాండులో కాసేపు నిలబడితే ‘ఫ్రీ’ అనే ఇంగ్లీషు విశేషణం ఎన్ని అర్థాల్లో వినబడుతుందో! ‘ఫ్రీ దర్శనం టోకెన్లు ఎక్కడ ఇస్తారు?’ అంటే డబ్బు కట్టనక్కరలేనివి. ‘ఈ సీటు ఫ్రీయేనా?’ అంటే ఖాళీయేనా అని. ‘సాయంత్రం ఫ్రీగా ఉంటారా?’ అన్నప్పుడు తీరిక, ‘ఫ్రీగా మాట్లాడండి’ అన్నప్పుడు మొహమాటం వద్దని. బిస్కెట్ల పొట్లం మీద ‘షుగర్ ఫ్రీ’ అని ఉంటే చక్కెర లేదని.

ఈ మాట పుట్టుక ఆసక్తికరం. దీని మూలధాతువుకు ప్రేమించడం అని అర్థం. ఇంగ్లీషు ‘ఫ్రెండ్’, సంస్కృత ‘ప్రియ’ దీని చుట్టాలే. ఇంట్లో ఆత్మీయులు బానిసలు కారు కనుక ‘ప్రియమైనవారు’ క్రమంగా ‘స్వతంత్రులు’ అయ్యారని భాషావేత్తల వివరణ. డబ్బు ప్రసక్తి తరవాత వచ్చింది.

మన ‘ఉచితం’ కూడా దారి మారిన మాటే. సంస్కృతంలో దానికి తగినది అని అర్థం. సముచితం, అనుచితం, ఔచిత్యం ఇప్పటికీ ఆ అర్థాన్నే పట్టుకుని ఉన్నాయి. అచ్చ తెలుగులో ‘ఊరికే’ ఉంది: ఊరికే ఇచ్చాడు, ఊరికే కూర్చున్నాడు, ఊరికే తిట్టాడు. చిత్తూరు దాటి తమిళనాడులో అడుగుపెడితే ‘సుమ్మా’ కూడా ఈ మూడు చోట్లా సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మాత్రం కొండ మీది పేర్లు. రుసుము లేని దర్శనం ‘సర్వదర్శనం’. అందులో ధర ఊసే లేదు, అందరిదీ అన్న భావం ఉంది. తిరుమలలో టికెట్ లేకుండా తిప్పే బస్సు ‘ధర్మరథం’. వెంగమాంబ భవనంలో వడ్డించేది ‘అన్నప్రసాదం’. ప్రసాదానికి వెల ఏమిటి? ఇంత చక్కని మాటలు బోర్డుల మీద ఉండగా మనం ‘ఫ్రీ దర్శనం, ఫ్రీ బస్సు, ఫ్రీ భోజనం’ అనడం నాకు బాధగా ఉంటుంది.

అయితే ‘ధర్మ’ను అన్నిచోట్లా తగిలించమని అనను. సర్కారు వైద్యశాలను ఒకప్పుడు ధర్మాసుపత్రి అనేవారు. ఆ పేరు వాడుక తగ్గడం మంచిదే. అక్కడ వైద్యం పొందడం పౌరుల హక్కు, ఎవరో చేసే దానం కాదు. అక్కడ ‘ఉచిత వైద్యం’ అనడమే ఉచితం, పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ.