బీటెక్‌లో మొనాడ్లు, జీఏడీటీలు చెప్పాలా? లాకు తలుపుల మీదుగా సాగిన చర్చ

చివరి సంవత్సరం విద్యార్థిని, భీమవరం:
మా కళాశాలలో ఈసారి కూడా హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఉన్నత స్థాయి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌ను (ఫంక్షన్లను కూర్చి ప్రోగ్రాం రాసే పద్ధతిని) ఎలక్టివ్‌గా పెట్టారు. క్యాంపస్ నియామకాలకు వచ్చే సంస్థలు జావా, పైథాన్ అడుగుతుండగా దీనికి ఒక సెమిస్టర్ వెచ్చించడం సమంజసమేనా? మా సీనియర్లు మొనాడ్ (ఒకదాని ఫలితాన్ని మరోదానికి అందిస్తూ పనులను వరుసగా కూర్చే పద్ధతి) నియమాలు మూడింటినీ బట్టీ పట్టి పరీక్ష రాశారు గానీ, ఒక్క ప్రోగ్రాం కూడా నడిపి చూడలేదట.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, స్వస్థలం అమలాపురం:
వద్దనే నా అభిప్రాయం, అమ్మా. 2014లో జావా 8 వచ్చినప్పుడే లాంబ్డాలు (పేరు లేని ఫంక్షన్లు), స్ట్రీములు, ఆప్షనల్ వంటి ఫంక్షనల్ సదుపాయాలు అందరికీ అందాయి. ఉద్యోగానికి కావలసినంత రెండు వారాల్లో నేర్చుకోవచ్చు. రొయ్య ధర పడిపోయిన ఏడాది కూడా అప్పు చేసి ఫీజు కట్టే తండ్రికి మొనాడ్ ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకో చెప్పగలమా?

అధ్యాపకుడు, కాకినాడ:
జాబితాలను మార్చే, వడకట్టే, కలిపే మ్యాప్, ఫిల్టర్, ఫోల్డ్ వరకే అయితే సెమిస్టర్ అక్కరలేదని నేనూ ఒప్పుకుంటాను. అసలు సంగతి ఆ తరువాత మొదలవుతుంది. పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే, మన కాలువల మీది లాకునే తీసుకోండి. పడవ దిగువకు పోవాలంటే ఎగువ తలుపు మూసి, లోపలి నీటిని దిగువ మట్టానికి దించి, ఆ తరువాతే దిగువ తలుపు తెరవాలి. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండకూడదు. దీనికి ప్రోగ్రాం రాయమంటే మన పిల్లలు రెండు బూలియన్లు (అవును/కాదు విలువలు) పెట్టుకుని అడుగడుగునా ఇఫ్ షరతు రాస్తారు. రెండు బూలియన్లకు నాలుగు స్థితులు, అందులో ఒకటి ఎన్నడూ రాకూడనిది. ఎక్కడో ఒక ఇఫ్ మరిచిపోతే చాలు, అదే వచ్చి కూర్చుంటుంది. జీఏడీటీతో, అంటే విలువ ఏ స్థితిలో ఉందో దాని టైపులోనే (రకంలోనే) చెప్పనిచ్చే సదుపాయంతో రాస్తే, లాకు స్థితి దాని టైపులోనే ఉంటుంది. దిగువ తలుపు తెరిచే ఫంక్షన్ ఎగువ తలుపు మూసిన లాకును మాత్రమే తీసుకుంటుంది కనుక, రెండూ తెరవబోయే ప్రోగ్రాం కంపైలే కాదు, అంటే నడిచే రూపంలోకే మారదు.

మొనాడ్ సంగతీ ఇంతే. పంట కాలువనూ మురుగు కాలువనూ మనవాళ్లు వేరువేరుగా తవ్వినట్టు, హాస్కెల్‌లో ఫైలు చదివే ఫంక్షన్ టైపులో ఐఓ (ఇన్‌పుట్, ఔట్‌పుట్) అనే మొనాడ్ గుర్తు ఉంటుంది, వట్టి లెక్క కట్టే ఫంక్షన్‌కు ఉండదు. జావా మెథడ్ టైపు చూసి ఆ తేడాను ఖాయంగా చెప్పలేం.

లేజీ ఎవాల్యుయేషన్ (అవసరం వచ్చేదాకా లెక్కను వాయిదా వేసే హాస్కెల్ పద్ధతి) మీద మాత్రం నాకే కొంత విసుగు ఉంది. కంపైలర్ ఆప్టిమైజేషన్ లేకుండా ఫోల్డ్‌ఎల్‌తో (ఎడమ నుంచి కలుపుతూ పోయే ఫోల్డ్) పది లక్షల సంఖ్యలను కూడబోతే, కూడికలన్నీ వాయిదా పడుతూ మెమరీలో పేరుకుపోతాయి. ఆ చిక్కు విప్పడానికే ల్యాబ్‌లో ఒక వారం పోతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, స్వస్థలం అమలాపురం:
మాస్టారూ, ఉదాహరణ బాగుంది. అయితే ఒక్కో స్థితికి ఒక్కో క్లాసు రాసి, తెరిచే మెథడ్‌ను సరైన క్లాసులోనే పెడితే జావాలోనూ ఇది సాధ్యమే. ఇంకో మాట: ఎగువ తలుపు మూసిన లాకు అన్న పాత విలువ మీ ప్రోగ్రాంలో అలాగే చేతిలో ఉంటుంది. దానితో ఒకసారి దిగువ తలుపు తెరిచి, మళ్లీ అదే విలువతో ఎగువ తలుపు తెరిస్తే మీ కంపైలర్ ఆపుతుందా?

అధ్యాపకుడు, కాకినాడ:
ఆపదు. మామూలు జీఏడీటీ అంత దూరం రాదు, నా ఉదాహరణను నేను కాస్త ఎక్కువ చేసి చెప్పిన మాట నిజమే. ఒక విలువను ఒక్కసారే వాడాలన్న షరతును కూడా టైపులోనే రాసేందుకు 2021లో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.0 లీనియర్ టైపులను ప్రయోగాత్మకంగా చేర్చింది. రస్ట్ భాషలోని ఓనర్‌షిప్ (ఒక విలువకు ఒకే యజమాని అన్న నియమం) ఈ పనిని మరో దారిలో చేస్తుంది: చేతులు మారిన విలువను మళ్లీ ముట్టుకుంటే కంపైలర్ ఒప్పుకోదు. మీరు అడిగిన ఈ ప్రశ్న జావా తరగతిలో ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు, అందుకే ఆ ఎలక్టివ్ ఉండాలంటున్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, స్వస్థలం అమలాపురం:
అలా అయితే రాత పరీక్ష తీసేసి, లాకు ప్రోగ్రాంకే మార్కులు వేయండి. అప్పుడు నేను అడ్డు చెప్పను.

చివరి సంవత్సరం విద్యార్థిని, భీమవరం:
మా విభాగాధిపతి గారిని సోమవారం ఇదే అడుగుతాను. ల్యాబ్ మార్కులు పెంచితే చేరతాను, మూడు నియమాలూ రాయమంటే క్లౌడ్ కంప్యూటింగ్ తీసుకుంటాను.