సిక్కోలు నుంచి అడుగుతున్నా: మా ఇంట్లో కవర్లు మానేస్తే కళింగపట్నంలో తాబేలు బతుకుతాదా?

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని కళింగపట్నం బీచ్‌కి వెళ్ళాం, లైట్‌హౌస్ దాటి కొంచెం నడిచేసరికి ఇసకలో పెద్ద తాబేలు చచ్చిపడుంది, కుక్కలు పీకుతున్నాయి, చుట్టూ చిప్స్ ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు, తెగిన వల ముక్క ఒకటి. మా చిన్నోడు "అమ్మా, కవర్ తినేసి చచ్చిపోయిందా" అన్నాడు, స్కూల్లో చెప్పారంట. నాకు తెలీదు గానీ అవునన్నాను. ఇంటికొచ్చి మా చెత్తబుట్ట చూస్తే సిగ్గేసింది. ఒక్క రోజుకి పాల ప్యాకెట్లు రెండు, టిఫిన్ పార్సిల్‌లో చట్నీకో కవరు సాంబారుకో కవరు, ఆ రెండిటినీ పెట్టడానికి ఇంకో కవరు, చేపలు తెచ్చిన నల్ల కవరు.
మేముండేది ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, సముద్రం ఎక్కడో ఉంది. మా ఆయనైతే "నువ్వొక్కదానివి మానేస్తే సముద్రం బాగైపోద్దా" అని నవ్వుతున్నాడు. నిజంగా తేడా ఉంటుందా, ఉంటే ఎక్కడ మొదలెట్టాలి? పాల ప్యాకెట్లు మానలేను, ముందే చెప్తున్నా.

అరసవల్లి రోడ్డు:
సముద్రం ఎక్కడో ఉంది అన్నారు గానీ మీ పేరులోనే ఉంది కదండీ నాగావళి. ఊరి మధ్యలోంచి పోయి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్ద వాన పడితే కాలవల్లో ఇరుక్కున్న కవర్లన్నీ ఏటిలోకి, ఏటిలోంచి సముద్రంలోకి, దారిలో ఆపేదేమీ లేదు.
మీ బాబు అన్నదీ కొంత నిజమే. సముద్రపు తాబేలు జెల్లీ ఫిష్ తింటుంది, నీళ్ళలో తేలే కవరు అలాగే కనిపిస్తుంది. కొన్నాళ్ళు నానిన ప్లాస్టిక్‌కి పాచి పట్టి తిండి వాసన కూడా వస్తుందట. ఇంకోటి, దాని గొంతులో లోపలికి తిరిగిన ముళ్ళలాంటివి ఉంటాయి, తిన్నది అలలకి బయటికి పోకుండా. అందుకని కవరు ఒకసారి మింగిందంటే కక్కేయడం దానికి చాలా కష్టం.

గార మండలం కుర్రోడు:
అక్కా మాది చేపల ఊరే, ఒక మాట చెప్తాను ఏటనుకోవద్దు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్రతి తాబేలూ కవర్ తిని చచ్చిపోలేదు. మన ఒడ్డుకి వచ్చేవి ఎక్కువ ఆలివ్ రిడ్లీలు, జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి, అదే టైములో పెద్ద బోట్లు ట్రాల్ వలలు లాగుతుంటాయి. తాబేలు మనలాగే గాలి పీల్చుకోడానికి పైకి రావాలి, వలలో పడి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తాది. తాబేలు బయటికి పోయే దారి ఉన్న వలలు ఉన్నాయి గానీ ఆ దారిలో చేపలు కూడా పోతాయని బోటోళ్ళకి భయం. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అప్పటికి దాని సీజన్ చాలామట్టుకి అయిపోతాది.
అలాగని ప్లాస్టిక్‌ది తప్పు లేదనట్లేదు. వల కూడా నైలానే, అదీ ప్లాస్టికే కదా, తెగిపోయి సముద్రంలో ఉండిపోయిన వల ఎవరూ లాక్కపోయినా ఏళ్ళ తరబడి చేపల్నీ తాబేళ్ళనీ పడుతూనే ఉంటాది. మా నాన్న గుజరాత్‌లో వెరావల్ బోట్లలో చేసినప్పుడు చిరిగిన వల నీళ్ళలో పడేసేవోళ్ళంట, ఇప్పుడు ఒడ్డుకి తెచ్చి పారేస్తున్నాడు. మా అమ్మైతే తాబేలు వలలో పడితే దండం పెట్టి వదిలీమంటాది, శ్రీకూర్మం పక్కనే పుట్టి దాన్ని చంపుతావేట్రా అని.

గంటస్తంభం కిరాణా:
మాది విజయనగరం, షాపు నాది. అందరూ మమ్మల్నే తిడతారు గానీ సంచి లేకుండా వచ్చి కిలో పంచదార కొని కవరివ్వలేదని పక్క షాపుకి పోయేది ఎవరండీ. 2022 డిసెంబర్ ఆఖరు నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగు ఇవ్వకూడదని రూలు, మందం కవరు నాకు ఖరీదు పడుతుంది, డబ్బులడిగితే గొడవ.
ఒక సలహా, కొత్తగా గుడ్డ సంచులు కొనకండి. ఫంక్షన్లలో ఇచ్చిన సంచులు అందరిళ్ళలో గుట్టలున్నాయి, బీరువా మీద పెట్టి మర్చిపోతారు. రెండు తీసి బండి డిక్కీలో పడెయ్యండి, అంతే.

రాజాం బావ:
ముందు ఫ్యాక్టరీలు మూయించమనండి, తర్వాత మా ఆవిడ చట్నీ కవరు గురించి మాట్లాడుకుందాం 😀

అరసవల్లి రోడ్డు:
@రాజాం బావ, 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, గ్లాసులు, ప్లేట్లు తయారు చెయ్యడమే నిషేధం బావగారూ. మరి పెళ్ళిళ్ళలో ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మీరే చెప్పండి. పేపర్ గ్లాసు పెట్టాం అని సంబరపడతారు గానీ దానికీ లోపల ప్లాస్టిక్ పూతే. సీతంపేట వైపు గిరిజనులు కుట్టే అడ్డాకు విస్తళ్ళు ఉండగా మనకి ఈ ఖర్మేటో. మా చెల్లి పెళ్ళిలో అడ్డాకులు, స్టీలు గ్లాసులు పెట్టాం. గ్లాసులు కడగడానికి ఇద్దర్ని పెట్టుకోవాల్సొచ్చింది, అది మాత్రం దాచను.

నాగావళి గట్టు:
థ్యాంక్స్ అందరికీ. తమ్ముడు చెప్పింది చిన్నోడికి చెప్పాను, నాకు తెలీకుండా అవునన్నాన్రా అని. "అయితే వల కూడా ప్లాస్టికేనా" అని కళ్ళు పెద్దవి చేసుకుని అడిగాడు.
నిన్న చేపల బజారుకి స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళాను. "ఏటమ్మా, పొలానికి అన్నం తెచ్చావా" అని ఆ మామ్మ ఒకటే నవ్వు, కానీ కడిగి అందులోనే వేసింది, బండి మీద నీళ్ళు కూడా కారలేదు. ఇది కొనసాగిస్తాను. డిక్కీలో సంచులు కూడా పెట్టేశా, ఒకటి ఎవరి గృహప్రవేశానిదో గుర్తులేదు.
టిఫిన్ దగ్గరే ఓడిపోయాను. గిన్నె తీసుకెళ్తే ఇడ్లీ వేశాడు గానీ చట్నీ, సాంబారు అప్పటికే కవర్లలో పోసి రబ్బరు బ్యాండ్లేసి గుట్టగా పెట్టుకున్నాడు, మళ్ళీ విప్పి నా గిన్నెలో పోసి ఖాళీ కవరు పక్కన పడేశాడు. ఇంక నేను మానేసిందేటి? వాళ్ళు కవర్లు కట్టకముందే వెళ్ళాలంటే పొద్దున్న ఎన్నింటికి వెళ్ళాలో తెలిసినవాళ్ళు చెప్పండి.